నొప్పి చెప్పని గుండె

మా మామ నాతో నేరుగా మాట్లాడిన మొదటి మాట నేను ఆస్పత్రి స్ట్రెచర్ మీద పడుకుని విన్నాను. అప్పటికి నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చి చాలా ఏళ్లయింది. మా అమ్మాయి బడికి వెళుతోంది. నేను పుట్టినప్పటి గుండె తీసేసి, పేరైనా తెలియని ఒక మనిషి గుండెను నా ఛాతీలో పెట్టి ఏడాది దాటింది. ఇన్ని జరిగినా ఆయన నాతో మాట్లాడింది లేదు.

కోపమేమీ కాదు. ఆయన పెరిగిన ఇంట్లో మామ కోడలి ఎదుట నిలబడి మాట్లాడేవాడు కాదట. నేను వచ్చేనాటికే మా అత్త లేదు. ఉంటే ఆమె ద్వారా మాటలు నడిచేవి. ఆమె లేదు కాబట్టి ఆయన గోడకు చెప్పేవారు. నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో మా ఇల్లు. ముందు గదిలో నవారు మంచం, దానికి ఎదురుగా గోడకు క్యాలెండర్. పొద్దున మొహం కడుక్కుని వచ్చి, ఆ క్యాలెండర్ వైపు చూసి, “చాయ్ అయితే జర మంచిగుంటది” అనేవారు. నేను చాయ్ తెచ్చి స్టూలు మీద పెట్టి వెళ్లిపోయేదాన్ని. మా అమ్మాయికి మాటలు వచ్చాక క్యాలెండర్‌కు కాస్త తీరిక దొరికింది. “మీ అమ్మకు చెప్పు, కూరల ఉప్పు జర ఎక్కువైంది” అని పిల్లతో అనేవారు. అది వంటింటి గడప దాకా వచ్చి అదే మాట అదే గొంతుతో నాకు చెప్పేది. నాకు నవ్వాగేది కాదు.

ఆయన రైల్వే పార్సిల్ ఆఫీసులో చేసి రిటైరైన మనిషి. తెల్ల చొక్కా ఇస్త్రీ లేకుండా వేసుకునేవారు కాదు. మా ఆయన ట్రూప్ బజార్‌లో కరెంటు సామాను అమ్మే దుకాణం తరఫున జిల్లాలు తిరిగి ఆర్డర్లు తెచ్చేవాడు. నెలలో సగం రోజులు బస్సుల్లోనే. నేను అబిడ్స్‌లో ఒక బడిలో సాంఘిక శాస్త్రం చెప్పేదాన్ని. స్టేషన్ ముందు నుంచి నడిచి వెళ్లి, సాయంత్రం జగదీశ్ మార్కెట్ సందులోంచి నడిచి వచ్చేదాన్ని. నడక నాకు ఇష్టం.

కాన్పయిన కొన్నాళ్లకు ఆ నడక నన్ను వదిలేసింది. బడి మెట్లెక్కి తరగతికి వెళ్లేసరికి మాట పెగిలేది కాదు. కాళ్లు వాచేవి. బాలింత నీరసం అన్నారు అందరూ. గుండె సాగిపోయి పెద్దదైపోయిందని, పిండే బలం తగ్గిందని తరువాత తెలిసింది. మాత్రలతో కొన్నేళ్లు లాక్కొచ్చాను. చివరికి వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడక, గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయే స్థితికి వచ్చాను. గుండె మార్చడం తప్ప దారి లేదన్నారు. ఎదురుచూశాం. ఒక మధ్యాహ్నం ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చింది. ఇంటిల్లిపాదీ హడావిడి పడుతుంటే మా మామ మాత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, ఆఫీసుకు బయలుదేరినట్టు గుమ్మంలో నిలబడ్డారు. నేను బయటికి నడుస్తుంటే పక్కకు జరిగి దారి ఇచ్చారు. ఒక్క మాట లేదు. కళ్లు మాత్రం తడిగా ఉన్నాయి.

ఆ ఆపరేషన్ గురించి నాకు గుర్తున్నది తక్కువ. తరువాతి ఏడాదంతా మెడలోని రక్తనాళం ద్వారా గుండె దాకా వెళ్లి చిటికెడు ముక్క తీసి పరీక్ష చేస్తూ వచ్చారు. శరీరం కొత్త గుండెను పరాయిదని తోసేస్తోందా లేదా అని చూడటానికి. ఏడాది గడిచాక యాంజియోగ్రామ్ చేయాలి, ఇకనుంచి ఏటా గుండె రక్తనాళాలు చూడాలి అన్నారు. తారీఖు ఇచ్చారు. తీరా ఆ వారం మా ఆయన నిజామాబాద్ వైపు వెళ్లి రాలేకపోయాడు. ఫోన్‌లో, “బాపు వస్తడు నీతోని” అన్నాడు. నాకు పరీక్ష కంటే అదే ఎక్కువ భయమనిపించింది.

జనవరి చలి. ఆటో వచ్చింది. నేను వెనక కూర్చున్నాను. మా మామ డ్రైవర్ పక్కన సగం సీటు మీద ఒరిగి కూర్చున్నారు.

“పెద్దాయనా, ఎనక మస్తు జాగున్నది గదా, గాడ కూసోరాదు?” అన్నాడు డ్రైవర్.

“నాకు గాలి కావాలె” అన్నారు ఆయన.

ఆ గాలికి చెవులు ఎర్రబడి, ముక్కు కారుతూ, ఆస్పత్రి దాకా అలాగే వచ్చారు.

లోపలికి తీసుకెళ్లే ముందు డాక్టరమ్మ వచ్చి, “పేషంట్‌తో ఎవరున్నారు?” అని అడిగింది. ఈయన లేచి నిలబడ్డారు. ఆమె చేయబోయేది చెప్పింది. తొడ దగ్గరి రక్తనాళంలోంచి సన్నటి గొట్టం గుండె దాకా పంపి, మందు వదిలి, ఎక్స్‌రేలో నాళాలు చూస్తామంది. ఇంట్లో పది మాటలైనా మాట్లాడని మనిషి, అక్కడ ఆమెను ఆపేశారు.

“ఒక్కటి అడగాలె మేడం. ఆమెకు నొప్పి లేదు, ఆయాసం లేదు. మంచిగ తిరుగుతున్నది. మళ్ల ఎందుకు లోపటికి పోయి చూసుడు?”

“నొప్పి రాదు కాబట్టే చూడాలి పెద్దాయనా” అంది డాక్టరమ్మ. “గుండె మార్చేటప్పుడు రక్తనాళాలు కలిపి కుట్టగలం కానీ తెగిన నరాలను కలపలేం. ఈ గుండెకూ ఈమె మెదడుకూ మధ్య కబురు పోయే దారి లేదు. మీకూ నాకూ గుండె నాళాలు పూడితే ఛాతీలో నొప్పి వస్తుంది. ఈమెకు దాదాపు రాదు. మార్చిన గుండెలో నాళాలు కొన్నేళ్లకు సన్నబడటం మాత్రం మామూలే. అది ఈ గుండె చెప్పదు. మనమే వెళ్లి చూసి రావాలి.”

ఆయన నా స్ట్రెచర్ దగ్గరికి వచ్చారు. గోడ వైపు కాదు, క్యాలెండర్ వైపు కాదు, నా మొహంలోకి చూశారు.

“ఫికర్ చెయ్యకు బిడ్డా. నేను గీడనే కూసుంట.”

అదీ ఆ మొదటి మాట.

లోపల గది చల్లగా ఉంది. మెలకువగానే ఉన్నాను. మందు వదిలినప్పుడు ఒళ్లంతా వేడి అల పాకినట్టయింది. పక్కనున్న తెర మీద నల్లటి కొమ్మలు ఒక్క క్షణం విచ్చుకుని మాయమయ్యాయి. మళ్లీ మందు, మళ్లీ కొమ్మలు. ఇవి ఎవరి ఒంట్లో పుట్టి పెరిగిన కొమ్మలో, ఆ మనిషిని ఎవరు ఎత్తుకుని పెంచారో అనుకున్నాను. ఆ ఆలోచన నాకు ప్రతి ఏడూ ఆ బల్ల మీదే వచ్చేది. “చాలా నున్నగా ఉన్నాయమ్మా” అంది డాక్టరమ్మ.

బయటికి వచ్చాక కాలు కదపకుండా గంటల తరబడి పడుకోవాలి. మా మామ పక్కన స్టూలు మీద కూర్చున్నారు. మాట్లాడటం మొదలుపెట్టారు కానీ ఎలా కొనసాగించాలో ఇద్దరికీ తెలియదు. చివరికి సంచిలోంచి ఒక పుస్తకం తీశారు. ముందురోజు ఆదివారం. అబిడ్స్‌లో మూసి ఉన్న దుకాణాల ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచి అమ్ముతారు కదా, అక్కడికి వెళ్లి తెచ్చారట.

“సదువుకున్నోళ్లకు పుస్తకం ఉంటె పొద్దు పోతదని తెచ్చిన” అన్నారు.

అది పాతకాలపు రైల్వే టైంటేబుల్.

నాకు నవ్వొచ్చింది. నవ్వితే తొడ దగ్గర కట్టు లాగింది. “మామా, దీంట్ల ఏం సదవాలె?” అన్నాను. నేను ఆయన్ను మామా అని మొహం మీద పిలిచిందీ అప్పుడే. ఆయన స్టూలు దగ్గరికి జరుపుకుని, ఒక పేజీ తీసి, వేలు పెట్టారు. ఈ బండి ఇప్పుడు లేదు, దీంట్లో ఎండాకాలం మామిడి బుట్టలు వచ్చేవి, ప్లాట్‌ఫారమంతా వాసన కొట్టేది. ఈ బండికి బీడీలు చుట్టే తునికాకు కట్టలు. ఈ బండిలో ఒకసారి ఎవరో బాతులను బుక్ చేస్తే బుట్ట ఊడి అవి పార్సిల్ ఆఫీసంతా తిరిగాయి, పెద్ద సారు కుర్చీ ఎక్కి నిలబడ్డాడు. నేను కాలు కదపకుండా నవ్వడం ఎంత కష్టమో ఆ సాయంత్రం తెలిసింది. నర్సు వచ్చి, “మాట్లాడించకండి తాతా” అని కసిరింది.

తిరిగి వచ్చేటప్పుడు ఆయన ఆటోలో వెనక సీట్లోనే కూర్చున్నారు. మా ఇద్దరి మధ్య సంచి పెట్టుకున్నారు.

ఆ తరువాత ప్రతి ఏటా పరీక్షకు ముందు వచ్చే ఆదివారం ఇద్దరం అబిడ్స్‌కు నడిచి వెళ్లడం అలవాటైంది. మా ఆయన ఊళ్లో ఉన్నా సరే, ఆస్పత్రికి నాతో రావడం మామ పనే అన్నట్టు స్థిరపడిపోయింది. నుమాయిష్ ఎగ్జిబిషన్ జరిగే రోజులు కావడంతో నాంపల్లి రోడ్డు జనంతో కిక్కిరిసి ఉండేది. నాకు మూతికి మాస్కు. ఒళ్లు కొత్త గుండెను తోసేయకుండా జబ్బులు తట్టుకునే శక్తిని మందులతో తగ్గించి ఉంచుతారు కాబట్టి గుంపులోకి పోకూడదు. ఆయన నాకు ముందు రెండడుగులు నడుస్తూ, ఎవరైనా దగ్గితే చెయ్యి అడ్డం పెట్టేవారు. దగ్గిన మనిషి ఈయన్ను వింతగా చూసేవాడు.

పుస్తకాల దగ్గర నన్ను వదిలి, ఆయన వెనక నిలబడేవారు. రెండో ఏడు నుంచి పుస్తకం ఎంచే పని నాకే అప్పగించారు. నేను కథలూ, ఊళ్ల చరిత్రలూ వెతుక్కునేదాన్ని. అయినా ఆయన చేతిలో ఏదో ఒకటి ఉండేది. ఒకసారి కుట్టుపని నేర్పే పుస్తకం, ఒకసారి ట్రాక్టరు రిపేరు పుస్తకం. “ఏమో, పనికొస్తదేమో” అనేవారు. తరువాత మూలమీది ఇరానీ హోటల్లో చాయ్. బయటి తిండి నాకు వద్దన్నారు కానీ మరిగే చాయ్ పర్వాలేదన్నారు. మామ కౌంటర్ దాకా వెళ్లి, హోటలంతా వినిపించేలా, “కప్పు మరిగిన నీళ్లల్ల కడిగి ఇయ్యి భాయ్, మా బిడ్డది గుండె మార్చిన్రు” అనేవారు. బల్లల దగ్గరి వాళ్లంతా తిరిగి నన్ను చూసేవారు. నేను తల దించుకుని మాస్కు సర్దుకునేదాన్ని. ఆ సిగ్గు ఇప్పుడు తలుచుకుంటే ఎంత తీయగా ఉంటుందో చెప్పలేను. కోడలని అనలేదు, బిడ్డ అన్నారు. అది ఆ హోటల్లో వాళ్లందరికీ తెలిసింది.

అలా కొన్నేళ్లు బాగా గడిచాయి. నేను బడికి మళ్లీ వెళ్లడం మొదలుపెట్టాను. ఒక ఏడు యాంజియోగ్రామ్ చేస్తుండగా డాక్టరమ్మ, “నాళాలు బాగానే కనిపిస్తున్నాయి. కానీ నాకు ఇంకొక పరీక్ష చేయాలని ఉంది” అంది. నన్ను బల్ల మీదే ఉంచి, బయటికి వెళ్లి ఇంటివాళ్లతో మాట్లాడింది. ఆ రోజు మా ఆయన కూడా వచ్చాడు. వాళ్ల మధ్య జరిగిన మాటలు తరువాత మామే నాకు చెప్పారు.

“మంచిగనే ఉన్నదంటున్నరు, మళ్ల ఇంకో పరీక్ష ఎందుకు మేడం?” అని మా ఆయన అడిగాడట. తన బాధ నాకు అర్థమవుతుంది. ఇంకొక గొట్టం, ఇంకొక గంట నేను ఆ బల్ల మీద ఉండటం తనకు ఇష్టం లేదు.

డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పిందట. యాంజియోగ్రామ్‌లో కనిపించేది మందు పారిన దారి మాత్రమే, గోడ కాదు. పాత ఇంటి నల్లా పైపులో ఒక్కచోట చెత్త అడ్డం పడితే నీళ్ల ధార చూసి తెలుసుకోవచ్చు. పైపు పొడవునా లోపల సమంగా గార పట్టుకుంటే ధార అంతటా ఒకేలా ఉంటుంది, మొదటినుంచీ ఈ పైపు ఇంతే సన్నమనుకుంటాం. మార్చిన గుండెలో జబ్బు చాలాసార్లు అలాగే వస్తుంది. అందుకని నాళం లోపలికే సన్నటి తీగ మీద చిన్న అల్ట్రాసౌండ్ కన్ను పంపి, గోడ మందం చూస్తామంది.

“చూడుండ్రి మేడం” అన్నారట మా మామ, కొడుకు నోరు తెరిచేలోపే. “ఆమె గుండె చెప్పదని మీరే అన్నరు గదా. అడిగే తీరు అడుగుండ్రి.”

తీగ లోపలికి వెళ్లింది. ఈసారి తెర మీద కొమ్మలు లేవు. బూడిద రంగు గుండ్రటి మచ్చ, మధ్యలో నల్లటి చుక్క. డాక్టరమ్మ పక్కనున్న మరో డాక్టరుతో తక్కువ గొంతుతో మాట్లాడింది. తరువాత నా తల దగ్గరికి వచ్చి కూర్చుంది.

“గోడ మందమవుతోందమ్మా. ఇంకా తొలి దశే. ఇప్పుడు తెలియడం మంచిదైంది.”

అప్పుడు నాలో జరిగింది ఎవరికి చెప్పినా నమ్మరు. చేతులు చల్లబడ్డాయి, నాలుక ఎండిపోయింది, గుండె మాత్రం నిమ్మళంగా ఎప్పటిలాగే కొట్టుకుంటోంది. పక్కింటివాళ్ల కబురు విన్నట్టు. నరాలు లేవు కదా, భయం రక్తంలో కలిసి గుండె దాకా చేరాలి. నన్ను బయటికి తెచ్చి మంచం మీద పడుకోబెట్టాక, అంతా సద్దుమణిగాక, అప్పుడు మొదలుపెట్టింది దడ. మామ మానిటర్ మీద పెరుగుతున్న అంకెలు చూసి నర్సును పిలవబోయారు.

“ఏం లేదు మామా. ఇందాక అయిన భయం ఇప్పుడు చేరింది దానికి” అన్నాను.

ఆయన తిరిగి కూర్చుని, “పోనీ, చేరింది గదా” అన్నారు.

నాకు ఎక్కువ కష్టమనిపించింది ఏమిటంటే, నాకు ఏమీ తెలియకపోవడం. ముందురోజే అబిడ్స్‌కు నడిచాను. బడి మెట్లు ఎక్కుతున్నాను. ఒంట్లో ఇంత హాయిగా ఉండగా లోపల గోడలు మందమవుతున్నాయంటే, ఇక నా ఒంటి మాట నేను ఎలా నమ్మాలి? కొన్నాళ్లు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. మందు మార్చారు. కొత్త మందుకు నోరంతా పుండ్లు లేచి అన్నం మింగలేకపోయేదాన్ని. పాదాలు వాచేవి. ఒకరోజు కంచం తోసేసి వంటింట్లో కూర్చుని ఏడ్చాను. మామ గడప దగ్గరికి వచ్చి నిలబడ్డారు. ఇంతకాలం దాటని గడప అది.

“కారం లేకుంట చేద్దమా?” అన్నారు.

చేద్దామన్న మనిషికి గ్యాస్ పొయ్యి వెలిగించడం కూడా రాదు. అగ్గిపుల్లలు అరడజను తగలేశారు. పెసరపప్పు, అన్నం కలిపి మెత్తగా ఉడకేసి, నెయ్యి వేసి, చల్లార్చి తెచ్చారు. అడుగంటిన వాసన వచ్చింది. తిన్నాను. నా నోటి పుండ్లు మానేదాకా ఆ ఇంట్లో ఎవరూ కారం తినలేదు. మా ఆయన ఇంటికి వచ్చినప్పుడల్లా, “ఇదేం కూర, దవాఖాన కూర” అని గొణిగేవాడు, తినేవాడు.

మరుసటి ఏడు మళ్లీ ఆ చిన్న కన్ను లోపలికి వెళ్లింది. గోడ మందం పెరగలేదు. “ఆగింది” అంది డాక్టరమ్మ. మామ ఆ మాట మళ్లీ చెప్పించుకున్నారు.

ఆ తరువాత రెండేళ్లకు కాబోలు, ఒక ఆదివారం అబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు దగ్గర రోడ్డు దాటాం. నేను ఒక పుస్తకం తిరగేస్తున్నాను. వెనక మామ అలికిడి లేదు. చూస్తే మూసిన దుకాణం షట్టరుకు వీపు ఆనించి నిలబడ్డారు. చలి రోజు, ఆయన ఇస్త్రీ చొక్కా చెమటకు ఒంటికి అతుక్కుని ఉంది. చెయ్యి ఛాతీ మీద.

“ఏమైంది మామా?”

“ఏం లేదు బిడ్డా. గ్యాస్. పొద్దుగాల మిర్చి తిన్న గదా. జర సోడా తాగితే పోతది.”

“నొప్పి యాడున్నది? చేతికి వస్తున్నదా?”

“జర ఎడమ చెయ్యి గుంజుతున్నది. నువ్వు పుస్తకం చూసుకో.”

పుస్తకం అక్కడే పడేసి రోడ్డు మీదికి పరిగెత్తాను. ఆదివారం కాబట్టి ఆటోలన్నీ సవారీలతో నిండి వెళుతున్నాయి. నా గుండె ఇంకా మేల్కోలేదు, కాళ్లకు రక్తం చాలదు, కళ్లు తిరిగాయి. అయినా ఒక ఆటోకు అడ్డంగా నిలబడ్డాను. అందులో కూర్చున్న బురఖా వేసుకున్న ఆవిడ ఒకసారి మామ మొహం చూసి, దిగిపోయి, “ఇందులో తీస్కపోండమ్మా, జల్దీ” అంది. ఆమెకు నేను కృతజ్ఞతలు కూడా చెప్పలేదు. అంత తొందర.

ఆటోలో ఆయన, “ఊకె ఎందుకు దవాఖానకు? గ్యాస్ అంటున్న గదా” అంటూనే ఉన్నారు.

“మీకు నొప్పి చెప్తున్నది మామా. చెప్పినప్పుడు వినాలె” అన్నాను. గొంతు పెద్దది చేసే అన్నాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నారు.

అదే ఆస్పత్రి, అదే గది. ఈసారి స్ట్రెచర్ మీద ఆయన, బయట బల్ల మీద నేను. ఇన్నేళ్లూ ఆయన ఈ బల్ల మీద కూర్చుని ఏం చేసేవారో అప్పుడు తెలిసింది. ఎదురుగా తలుపు, దాని మీద వెలిగే ఎర్ర దీపం, చేయడానికి ఏమీ లేకపోవడం. అక్కడ కూర్చున్నాకే నా గుండె దడదడలాడటం మొదలైంది. డాక్టరమ్మ వచ్చి, ముఖ్యమైన నాళం ఒకటి పూర్తిగా మూసుకుపోయిందని, తెరిచి స్టెంట్ వేశామని చెప్పింది. ఇంకాస్త ఆలస్యమైతే కండ చచ్చిపోయేదంది.

ఆయన్ను బయటికి తెచ్చాక నన్ను చూసి నవ్వారు. “నాది లొల్లి చేసే గుండె బిడ్డా. నీది మర్యాదస్తురాలు.”

ఆ తరువాత మా ఇంట్లో ఇద్దరు గుండె రోగులం. పొద్దున మాత్రలు పక్కపక్కనే పెట్టుకుని వేసుకునేవాళ్లం. ఆయన మాత్ర మరిచిపోతే నేను కసిరేదాన్ని, నేను మాస్కు మరిచిపోతే ఆయన కసిరేవారు. మా ఆయన తల పట్టుకుని, “మీ ఇద్దరి నడుమ నేను పరాయోన్ని అయిన” అనేవాడు.

ఆయన పోయింది గుండె వల్ల కాదు. వయసు మీదపడింది, ఒక వానాకాలం నిమ్ము పట్టింది, తేరుకోలేదు. చివరి రోజుల్లో ఎక్కువ మాట్లాడలేకపోయేవారు. ఒక సాయంత్రం నేను మందు తాగిస్తుంటే, “ఈయేడు పరీక్షకు ఎవరొస్తరు నీతోని?” అని అడిగారు. “మీ కొడుకు వస్తడు” అన్నాను. “వాడు ఏం అడగడు. నువ్వే అడుగు” అన్నారు.

నిజమే. ఆ ఏడు మా ఆయన సెలవు పెట్టుకుని వచ్చాడు. బల్ల మీద కూర్చుని, ఫోన్ తీయడం, జేబులో పెట్టడం, మళ్లీ తీయడం. డాక్టరమ్మ చెబుతుంటే తలూపాడు తప్ప ఒక్క ప్రశ్న వేయలేదు. నేనే అడిగాను. ఈసారి గొట్టం వద్దు, స్కాన్ చేద్దామంది ఆమె. ఏళ్ల తరబడి మందులతో నా మూత్రపిండాలు కాస్త నలిగాయి, యాంజియోగ్రామ్ మందు వాటికి బరువు. దాని బదులు గుండె కండకు రక్తం ఎంత అందుతోందో కొలిచే పెట్ స్కాన్. సన్న నాళాల్లో ఇబ్బంది ఉన్నా అందులో తెలుస్తుందట. “మరి పైనుంచి తీసే సీటీ స్కాన్ సరిపోదా మేడం?” అన్నాను. నా గుండె ఊరికే కూర్చున్నా గబగబా కొట్టుకుంటుందని, పాత యంత్రాల్లో బొమ్మ చెదిరిపోయేదని, ఇప్పటి యంత్రాలు చాలావరకు పట్టుకుంటున్నాయని, కానీ అందులోనూ మందు ఎక్కించాల్సిందేనని చెప్పింది. ఎవరికి ఏది తగునో చూసి, అవసరమైతే మళ్లీ తీగ వేస్తామంది. పెద్ద గుండ్రటి యంత్రం లోపల చేతులు తల వెనక పెట్టుకుని పడుకున్నాను. సూదిమందుకు ఒళ్లు వెచ్చబడింది. తొందరగానే అయిపోయింది. కాలు కదపకుండా పడుకోవాల్సిన పని లేదు. లేచి చెప్పులు వేసుకుని నడిచి వచ్చేశాను. పరీక్ష తేలికైందని సంతోషించాలి. ఆ గంటలు పోయినందుకు దిగులేసింది.

ఈ ఏడు వెళ్లినప్పుడు వరండాలో నా పక్కన ఒకామె కూర్చుంది. మహబూబ్‌నగర్ వైపు పల్లె, పత్తి పొలం చేసుకునేవాళ్లు, ఇప్పుడు ఖైరతాబాద్‌లో ఒక ఆఫీసు క్యాంటీన్‌లో వంట చేస్తోంది. భర్తకు గుండె మార్చి ఏడాదైందట. లోపల యాంజియోగ్రామ్ జరుగుతోంది.

“మంచిగ తింటుండు, తిరుగుతుండు అక్కా. ఏం నొప్పి లేదంటడు. మళ్ల తొడలకెల్లి తీగ ఎయ్యుడేంది? నాకేమో భయమైతున్నది” అంది.

నాకు తెలిసినంత చెప్పాను. నరాల సంగతి, గోడల సంగతి. ఆమె వింటూ కొంగు వేలికి చుట్టుకుంది.

“గట్లయితే ఆయనకు లోపట ఏమైనా తెల్వదా?”

“తెల్వది. అందుకే ఏటా చూపించుకోవాలె. నాకు ఒకసారి గోడ మందమైందన్నరు. మందు మార్చిన్రు. ఆగింది.”

“ఎన్నేండ్లయింది అక్కా నీకు?”

చెప్పాను. ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. నా చేతిలోని సంచి, చెప్పులు, జుట్టులో తెల్ల వెంట్రుకలు, అన్నీ చూసింది. తరువాత నా భుజం మీద చెయ్యి వేసి ఊరికే ఉంచింది. లోపలినుంచి డాక్టరు వచ్చి ఆమెను పిలిచాడు. కొంగు సర్దుకుంటూ లేచింది. తలుపు దగ్గర వాళ్లు మాట్లాడుకోవడం నాకు వినిపించలేదు కానీ, ఆమె రెండు చేతులూ ఎత్తి దండం పెట్టడం కనిపించింది. వెనక్కి తిరిగి, అంత దూరం నుంచే, “మంచిగున్నదంట అక్కా!” అని అరిచింది.

నా పేరు కూడా పిలిచారు. స్కాన్ పోయినేటి లాగే ఉందన్నారు. మామ పోయాక మా ఆయన మొదటిసారి నోరు తెరిచి, “మళ్ల ఎప్పుడు రావాలె మేడం?” అని అడిగాడు. నేను అతని వైపు ఆశ్చర్యంగా చూశాను. తరువాత మెట్రో ఎక్కి నాంపల్లిలో దిగాం. స్టేషన్ ముందు జామకాయలు బాగున్నాయి. ఇంటికి వెళ్లి కడిగి, తొక్క తీసి తినొచ్చని నాలుగు కొన్నాం.